కుళ్ళిన అరటిపళ్ళ కోసం కోనసీమకు

కోనసీమ వెళ్ళివచ్చినవారు సాధారణంగా పూతరేకులు తెస్తారు. నేను ఈగలు తెచ్చాను. "ఈగల కోసం అంత దూరమా?" అని అడిగినవారికి విడివిడిగా జవాబు చెప్పే ఓపిక లేక ఇది రాస్తున్నాను. ముందుగా ఒక సవరణ చేయాలి. ఇవి అన్నం మీద వాలే ఈగలు కావు. మగ్గిన పండు చుట్టూ ముసిరే, నువ్వుగింజంత ఉండే, ఎర్రకళ్ళ పండ్ల ఈగలు. ఇరవై ఏళ్ళుగా నా ఇల్లు గడుస్తున్నది వీటి చలవ వల్లనే.

విశాఖపట్నంలోని మా ప్రయోగశాలలో మేము నిజానికి చూసేది ఈగను కాదు, దాని పిల్లపురుగును. గుడ్డు పగిలిన నాలుగైదు రోజుల్లో పురుగు కండరాలు దాదాపు నూరింతలు పెరుగుతాయి. కండరాన్ని కదిలించే నరం చివర, దారానికి గుచ్చిన పూసల వంటి ఉబ్బులుంటాయి. నరం మాట కండరానికి అందేది ఆ పూసల దగ్గరే. ఆ చోటునే సినాప్సు అంటాం. కండరం పెరిగినకొద్దీ పూసలూ పెరగాలి. లేకపోతే తిరునాళ్ళలో గుసగుసగా ప్రకటన చేసినట్టు ఉంటుంది. అయితే కండరం పెరిగిందన్న సంగతి నరానికి ఎవరు చెబుతారు? కండరమే చెబుతుంది. మన ఒంట్లో ఎముకల పెరుగుదలకు తోడ్పడే ప్రోటీన్ల కుటుంబానికే చెందిన ఒక ప్రోటీనును అది బయటికి వదులుతుంది. నరం దాన్ని అందుకుని, ఆ కబురును తన కణకేంద్రం దాకా మోసుకుపోయి, కొత్త పూసలు వేస్తుంది. ఈ ఏర్పాటుకు పగ్గం కూడా ఉంది. పగ్గం తెగిన పురుగుల్లో పూసలు గుంపులు గుంపులుగా పుట్టుకొస్తాయి. కానీ నరం మాట బలపడదు, కొన్నిటిలో ఉన్న బలమూ తగ్గుతుంది.

వసంత నా దగ్గర పరిశోధన చేస్తున్న విద్యార్థిని. ఆమె సిద్ధాంతగ్రంథంలో నాలుగో అధ్యాయం ఒక్క వాక్యం మీద నిలబడి ఉంది: తిండి తగ్గించిన పురుగులో కండరం ఎంత తగ్గితే పూసలూ అంతే తగ్గుతాయి, ఎందుకంటే నరం కండరం కబురు వింటోంది. పట్టికలు బాగున్నాయి. బొమ్మలు ఇంకా బాగున్నాయి. నేను సంతకం పెట్టలేదు. మా ఈగలు తరతరాలుగా సీసాలో పుట్టి సీసాలో చచ్చిన వంశం. సీసా బయట బతికే ఈగల సంగతి ఏమిటి? మూడు ఊళ్ళ నుంచి ఇళ్ళ మధ్య తిరిగే ఈగలను తెచ్చి, వాటి పిల్లల్లోనూ ఇదే కనిపిస్తే అధ్యాయం ఉంటుంది, లేకపోతే పోతుందని చెప్పాను. గ్రంథం సమర్పించడానికి మూడు వారాలే ఉంది. వసంత ముఖం చిన్నబోయింది గాని వాదించలేదు. "కొత్తపేటలో మా మేనత్త ఉంది మేడం. పెరట్లో అరటిచెట్లున్నాయి" అంది. అనుమానం నాది కనుక ప్రయాణమూ నాదే అయింది.

రావులపాలెం: అమ్మకానికి లేనివి

విశాఖ పండు వెంట తీసుకుపోతే అందులో విశాఖ ఈగల గుడ్లు ఉండవన్న హామీ ఏమీ లేదు. అందుచేత ఖాళీ సీసాలతో బయలుదేరాను. ఎరకు కావలసిన పండు దారిలోనే, గెలలు కొండల్లా పేర్చి ఉండే రావులపాలెం అరటి బజారులో కొనవచ్చునని నా అంచనా.

"మగ్గినవి కాదండీ, కుళ్ళినవి కావాలి" అన్నాను దుకాణదారుతో.

"కుళ్ళినవి దేనికండీ?"

"ఈగల కోసం."

"ఈగలు పోడానికా అండీ?"

"రావడానికి."

ఆయన గెల మీద నుంచి చెయ్యి తీసి నన్ను తలనుంచి పాదాల దాకా చూశారు. "మేడంగారండీ, తమరు పైఊరు నుంచి వచ్చేరు. మీకు కుళ్ళిన పళ్ళు అమ్మేనని తెలిస్తే రేపు ఈ బజార్లో నన్ను కూచోనిస్తారా అండీ?"

"అమ్మవద్దు, ఊరికే ఇవ్వండి."

"బాబోయ్, అది ఇంకా పరువుతక్కువండి."

ఆయన వెనుక గోడవార నల్లబడిన పళ్ళ కుప్ప ఉంది. దాని మీద నేను కోరుకున్న ఈగలు చిన్న మేఘంలా తేలుతున్నాయి. నా చూపు ఎటు పోతోందో గమనించి ఆయన గబుక్కున గోనెపట్టా కప్పేశారు. చివరికి నలభై రూపాయలకు డజను కర్పూరం అరటిపళ్ళు కొన్నాను. ఒక్క మచ్చ లేదు. కొసరుగా రెండు వేసి, "ఇంకో రెండ్రోజులు ఆగి తినండి, తేనెలా ఉంటాయి" అని దీవించి పంపారు. మా పుట్టినూరు అనంతపురంలో పళ్ళు కొనేటప్పుడు కుళ్ళినది రాకుండా చూసుకోవడం కొన్నవాడి బాధ్యత. కుళ్ళినది కావాలని బతిమాలినా ఇవ్వని వ్యాపారిని నేను చూడటం ఇదే మొదలు.

కొత్తపేట: చాలు అనే మాట

వసంత మేనత్త సత్యవతిగారికి యాభై అయిదేళ్ళుంటాయి. ఆవిడ భర్త బడిపంతులు. ఆ వారం ఏదో శిక్షణకు కాకినాడ వెళ్ళారు. గుమ్మంలో నన్ను "మేడంగారు" అన్నారు, కాఫీ దగ్గర "ప్రొఫెసరుగారు" అన్నారు, విస్తరి వేసేసరికి "వదినగారు" అయిపోయాను. ఈ పదోన్నతికి పట్టిన సమయం గంటన్నర.

ఆవ పెట్టిన పనసపొట్టు కూర, కంద బచ్చలి, కొబ్బరీ మామిడీ కలిపిన పచ్చడి, ముద్దపప్పు, దప్పళం. మా వైపు సంగటి ముద్ద పెట్టినప్పుడు ఇంకొకటి వేయమంటారా అని అడుగుతారు, వద్దంటే ఇంకోసారి అడుగుతారు, అంతటితో అయిపోతుంది. ఇక్కడ "చాలు" అన్న మాట వినబడని చెవి ఒకటుందని తెలిసింది. చాలంటే గరిటె ఆగింది. మళ్ళీ కదిలింది. విస్తరి మీద చెయ్యి అడ్డం పెడితే పక్కనుంచి వచ్చింది.

"చాలండీ, నిజంగా చాలు."

"ఆయ్. చాలన్నాక వేసేదే కదా వదినగారూ, అసలు వడ్డన? అంతకుముందు వేసింది ఆకలికి."

వడ్డించే చెయ్యి నరం, తినే నోరు కండరం అనుకుంటే, ఇది పగ్గం తెగిన పురుగు అని నాలో నేను నవ్వుకున్నాను. ఒక్క పరిశీలనతో సిద్ధాంతం చేయకూడదు కనుక రాత్రి భోజనం దాకా ఆగాను. రాత్రి కూడా అదే ఫలితం వచ్చింది.

ఆ మధ్యాహ్నం ఆవిడ వంటింట్లో ఉండగా, కొన్న పళ్ళలో సగం నలిపి, చిటికెడు ఈస్టు కలిపి, ఆరు సీసాల్లో వేసి పెరట్లో చూరు కింద కట్టాను. ఎందుకు కట్టానో ఆవిడకు చెప్పలేదు. సీసాల మీద ఏమీ రాయలేదు. ఈ రెండు వాక్యాలనూ పాఠకులు గుర్తు పెట్టుకోవాలి.

కొత్తపేట, మరునాడు

ఉదయం కాలువగట్టు మీద నడిచి ఎనిమిదింటికి తిరిగివచ్చాను. ఆరు సీసాలూ బూడిదతో తోమబడి, అరుగు మీద ఎండలో బోర్లించి ఉన్నాయి. తళతళ మెరుస్తున్నాయి. వాటి పక్కన పళ్ళెంలో పచ్చటి చక్కెరకేళి అరటిపళ్ళ అత్తం ఒకటి ఉంది.

"మీ పళ్ళు పాపం నలిగి పులిసిపోయేయండి" అన్నారు సత్యవతిగారు చేతులు తుడుచుకుంటూ. "వదినగారు మొహమాటపడి చెప్పలేదు కామోసు అనుకున్నాను. చిన్నచిన్న ఈగలు కూడా చేరిపోయేయి సీసాల్లో. తువ్వాలు పెట్టి ఒక్కటి లేకుండా తోలేశాను."

"ఒక్కటి కూడా లేకుండానా?"

"ఒక్కటుంటే ఒట్టండి!"

ఇంత గర్వంగా చెబుతున్న మనిషికి నిజం ఎలా చెప్పడం? మా ప్రయోగశాల గోడ మీద ఒక నోటీసు ఉంది: "పేరు రాయని సీసా పారవేయదగినది." అది నా దస్తూరీ. ఆ నోటీసు ఎన్నడూ చూడకపోయినా దాన్ని తు.చ. తప్పకుండా అమలుపరిచిన మొదటి వ్యక్తి సత్యవతిగారు. నేను చక్కెరకేళి ఒకటి ఒలుచుకుని, బాగుందని చెప్పి, సీసాలు సంచిలో సర్దుకున్నాను. పండు నిజంగానే బాగుంది.

అమలాపురం బస్సులో కూర్చుని వసంతకు ఫోను చేశాను.

"కొత్తపేటలో ఎన్ని పడ్డాయి మేడం?"

"చాలా పడ్డాయి. మీ మేనత్తగారు తోలేశారు."

అటునుంచి నవ్వు వినిపించింది. అది మధ్యలోనే తెగింది. తెగిన చోట ఒక అధ్యాయం బరువుంది. మొదటి ఊరు చేజారిందని ఇద్దరికీ అర్థమైంది.

బండారులంక: గంజి కుండ

బండారులంకలో మగ్గాల చప్పుడు వీధి మొదట్లోనే పలకరిస్తుంది. ఈసారి ప్రతి సీసాకూ కాగితం అంటించాను: "ఇది కావాలనే ఇలా ఉంది. దయచేసి కడగవద్దు." చేనేత పనివారు సూర్యనారాయణగారు ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి, "మా ఇంట్లో మా ఆవిడ ఉతకమన్నా ఉతకదు, మీరేం బెంగపడకండి" అన్నారు. లోపలినుంచి ఆవిడ, "ఆ మాట ఆ చొక్కా తొడుక్కుని చెబుతున్నారు చూడండి!" అన్నారు. చొక్కా మల్లెపువ్వులా ఉంది.

ఇక్కడ నా అదృష్టం పడుగుకు, అంటే మగ్గం మీది నిలువు దారాలకు, పెట్టే గంజి రూపంలో వచ్చింది. వాడగా మిగిలిన గంజి పెరటి కుండలో పులుస్తోంది. దాని అంచున నా ఎర్రకళ్ళ బంధువులు. సీసాలు ఆ కుండ పక్కనే పెట్టి మగ్గం దగ్గర కూర్చున్నాను. ఏం చదువు, ఏం ఉద్యోగం అని అడిగితే కండరం సంగతీ నరం సంగతీ చెప్పాను. ఆయన దారాల మధ్య అటూ ఇటూ పరుగెత్తే నాడె ఆపకుండా విన్నారు.

"అంటే కొస చెబితే మొదలు వింటదన్నమాట."

"అంతే."

"ఇందులో వింతేవుందండీ? ఇదుగో." ఆయన వేలు పెట్టి చూపించారు. నేసిన బట్ట ఆయన ఒడి దగ్గర ఒక దుంగకు చుట్టుకుంటోంది. పడుగు దారం అవతలి కొస దుంగ నుంచి వస్తోంది. "ఇటు బట్ట ఇంత చుట్టేనంటేనే అటు దారం ఇంత వదుల్తాను. బట్ట చెప్పకుండా దారం రాదండి."

నాకు పోలికల మీద నమ్మకం తక్కువ. వినసొంపుగా ఉన్నదల్లా నిజమైతే మా పని ఎంతో తేలిక అయ్యేది. అందుకని పరీక్ష పెట్టాను. "ఒకవేళ అడగకుండానే దారం ఎక్కువ వదిలేస్తే? బట్ట ఎక్కువ వస్తుందా?"

"ఎందుకొస్తదండీ! పడుగు జారిపోద్ది. నేత పలచబడిపోద్ది. దారం ఎక్కువ, బట్ట తక్కువ."

పగ్గం తెగిన పురుగులో పూసలు ఎక్కువై బలం తక్కువ కావడం గురించి నేనాయనకు ఇంకా చెప్పలేదు. చెప్పకుండానే చెప్పారు. అయినా ఒక తేడా రాసి పెట్టుకున్నాను. మగ్గంలో ఇటూ అటూ చూసేది ఒకే మనిషి. పురుగులో మధ్యన మనిషి లేడు, కండరమూ నరమూ తమలో తాము తేల్చుకోవాలి. ఇది చెబితే సూర్యనారాయణగారు, "మనిషి లేకపోతే ఇంకా నయవండి, టీకి లేవక్కర్లేదు" అని టీకి లేచారు.

సాయంత్రానికి నాలుగు సీసాల్లో ఈగలున్నాయి. భూతద్దంతో ఒక్కొక్క మగ ఈగ తోక చూశాను. మాకు కావలసిన జాతిలో మగదాని తోక కొస నల్లగా ఉంటుంది. అన్నీ నలుపే. దూది బిగించి, ఊరి పేరు రాశాను. ఆ రాత్రి అమలాపురం లాడ్జిలో ఈగలకు కిటికీ పక్క మంచం ఇచ్చి నేను ఫ్యాను కింద పడుకున్నాను.

మలికిపురం: చెవితో చూసేవారు

మలికిపురంలో చిట్టిబాబుగారి కొబ్బరి కళ్ళం. ఒలిచిన కాయలు ఒక పక్క, పీచు ఒక పక్క, తీసేసిన కాయలు మరో పక్క. చిట్టిబాబుగారు మాట్లాడితే అందులో మూడింట రెండొంతులు గొప్పలే. మా కాయ నీరు దేశంలోకెల్లా తీపి. మా మట్టిలో ఉప్పు లేదు. మా తాతగారు చెట్టు నీడ చూసి కాయలెన్నో చెప్పేవారు. నేను ఒక్కొక్కదానికీ "ఎలా తెలుసండీ?" అని అడుగుతూ పోయాను.

"మీరు మా బావగారి కంటే ఘోరవండి" అన్నారాయన కాసేపటికి. "సరే, ఒకటి చెబుతాను, పరీక్ష పెట్టుకోండి. కాయ వేలితో కొడితే లోపల బాగుందో చెడిందో చెప్పేస్తాను."

ఇది పరీక్షకు లొంగే మాట. రెండు కుప్పల నుంచి నేనే పది కాయలు ఏరి, ఆయన వెనక్కి తిరిగి ఉండగా కలిపేసి, వరసగా పెట్టాను. కణుపుతో ఒక్కొక్క దెబ్బ, చెవి దగ్గర ఒక్క క్షణం. "బాగుంది. బాగుంది. చెడింది. బాగుంది." ఏడో కాయ దగ్గర ఆగారు. మళ్ళీ కొట్టారు. "ఇది చెప్పలేనండి. మధ్యలో ఉంది."

పదీ పగలగొట్టించాను. తొమ్మిదింటిలో ఒక్క తప్పు లేదు. ఏడో కాయలో కొబ్బరి అంచున చిన్న పసుపు మరక, అప్పుడే మొదలవుతున్న చెడు. ఇన్నేళ్ళలో నేను విన్న శాస్త్రవేత్తల ఉపన్యాసాల్లో "చెప్పలేను" అన్నవారు ఎందరని లెక్కబెట్టుకుంటూ ఆయనకు నమస్కారం పెట్టాను. గొప్పలు చెప్పే మనిషి తనకు తెలియనిది దాచలేదు.

"మరి మీ ఈగల మాటేంటండీ? అన్నీ ఒకటేగా?" అన్నారు.

"ఎంత మాట! చాలా జాతులున్నాయి. చూడగానే ఒకటేలా ఉంటాయి. తోక చూడాలి, ముందుకాళ్ళు చూడాలి" అంటూ నేను కాస్త పెద్ద ఉపన్యాసమే ఇచ్చాను. చెడిన కాయల కుప్ప మీద ఈగలు లెక్కలేనన్ని. సీసాలు నిమిషాల్లో నిండాయి. అంతలో రాజోలు వైపు వెళ్ళే బస్సు హారను వినిపించింది. చిట్టిబాబుగారు నా చేతిలో నాలుగు కాయలు పెట్టారు, "చెవితో చూసి ఏరినవండి, మీరు తోక చూడక్కర్లేదు" అన్నారు. నేను నవ్వుతూ దూది బిగించి, "మలికిపురం" అని రాసి, బస్సెక్కాను.

తిరిగి కొత్తపేట

సత్యవతిగారు గేటు దగ్గరే నిలబడి ఉన్నారు. ముఖం చూడగానే వసంత సంగతంతా చెప్పేసిందని తెలిసింది.

"నా చేతులతో నా మేనకోడలి చదువు తోమేశాను కదండీ వదినగారూ!"

"అయ్యో, తప్పు నాదండి. నేను చెప్పాల్సింది."

"మీరు చెప్పలేదు సరే, నాకు బుద్ధి ఉండొద్దా అండీ? కట్టి ఉన్న సీసా ఎందుకు ముట్టుకోవాలి? లోపలికి రండి, సరిచేశాను."

పెరట్లో ఆవిడ సొంతంగా ఏర్పాటు చేసిన ఊరగాయ జాడీలు మూడు ఉన్నాయి. పనసతొనలు, అరటిపళ్ళు, వాటి మీద గిన్నెడు బెల్లం పాకం. "ఈగలంటే తీపి కదా అని కాస్త ఎక్కువే పోశాను." తొంగిచూశాను. ఈగలు వచ్చాయి, వందలకొద్దీ. అన్నీ పాకంలో మునిగి, అతిథి మర్యాదలు పూర్తిగా పొంది, చనిపోయి ఉన్నాయి. అక్కడ కూడా "చాలు" వినే చెవి లేకపోయింది.

ఆవిడ అరటిమొదలు దగ్గర కూలబడ్డారు.

"ఒకటడుగుతాను, ఏమనుకోకండి. వసంత రాసింది మీకు అబద్ధవనిపించిందా అండీ?"

"లేదండి. నిజమేనేమో అనిపించింది. అందుకే భయం. నిజమనిపించినదాన్ని ఎవరూ మళ్ళీ చూడరు."

"మరి కాదని తేలితే?"

"ఆ అధ్యాయం తీసేస్తాం. ఇంకో ఏడాది పడుతుంది."

ఆవిడ తల ఊపారు. "ఆయ్. అయితే నిజవని తేల్చేయండి."

"అది నా చేతుల్లో లేదు. ఈగల చేతుల్లో ఉంది."

"మరందుకే కదండీ వాటికి అంత పాకం పోసింది!"

ఇద్దరికీ నవ్వొచ్చింది. అలా నవ్వుతుండగానే చూశాను: ఆవిడ కూర్చున్న చోట, అంట్లు తోమిన నీరూ వంటింటి తొక్కలూ రోజూ పడే అరటిమొదట్లో, ఈగలు పలచగా లేస్తున్నాయి. ఎవరూ పిలవలేదు, ఎవరూ వడ్డించలేదు. "కదలకండి" అన్నాను. ఆవిడ కదలకుండానే పలచటి తువ్వాలు అందుకున్నారు, మొన్న వాటిని తోలిన అదే తువ్వాలు. దాన్ని గొడుగులా పట్టి మెల్లగా దించేవారు, నేను కింద సీసా పెట్టేదాన్ని. ప్రయోగశాలలో కొత్తగా చేరినవారికి ఈ నేర్పు రావడానికి కొన్ని వారాలు పడుతుంది. ఆవిడకు పది నిమిషాలు పట్టింది. మగ ఈగల తోకలు చూశాను. నలుపే. సీసా మీద "కొత్తపేట" అని ఆవిడ చేతే రాయించాను.

విశాఖ: నల్ల తోక

సీసాలన్నీ అలాగే వసంతకు ఇచ్చాను, ఆడ ఈగలను విడదీయడం ఆమె పని. వాటి పిల్లల్లో సగానికి పూర్తి తిండి, సగానికి పలచటి తిండి. ఆరో రోజుకు కండరాలు కొలిచి పూసలు లెక్కపెట్టాలి. ఏది ఏ సీసాదో లెక్కపెట్టే నాకు తెలియకుండా వసంత అంకెలు వేయాలి. సమర్పణకు పదిహేను రోజులుంది.

రెండో రోజు ఉదయం ఆమె సీసా ఒకటి పట్టుకుని నా గదికి వచ్చింది.

"మేడం, మలికిపురంవి మీరు చూశారా?"

"చూడకుండా తెస్తానా?" అన్నాను. అని, ఆగాను. బస్సు హారను గుర్తొచ్చింది.

"మగవాటికి నల్ల తోక లేదు మేడం. ఇవి మన ఈగలు కావు. దగ్గరి జాతే, కానీ వేరే."

భూతద్దం కింద చూశాను. లేత పసుపు తోకలు, వరసగా. జాతుల గురించి కళ్ళంలో ఉపన్యాసం ఇచ్చిన మనిషి ఒక్క తోక తిప్పి చూడలేదు. ఆమె ఏమీ అనకుండా ఉండి ఉంటే నేను గమనించేదాన్ని కాను. మూడో ఊరు లెక్కలోకి వచ్చేసేది. ఆ సంగతి ఆమెకూ తెలుసు.

"రెండు ఊళ్ళే మిగిలాయి" అంది. "మూడు లేకపోతే అధ్యాయం ఉండదన్నారు."

"అన్నాను."

"సరే మేడం" అని సీసా మీద పేరు కొట్టేసి వెళ్ళింది. ఆమె వెళ్ళాక నాకు చిట్టిబాబుగారి ఏడో కాయ గుర్తొచ్చింది.

నాలుగో రోజున బస్సులో వేసిన పార్సిలు ఒకటి వచ్చింది. కొబ్బరాకు బుట్ట. పై పొరలో మచ్చలేని చక్కెరకేళి. కింద, కొత్త జాకెట్టుగుడ్డలో కట్టి, నేను ఆ జిల్లాలో బతిమాలినా దొరకని వస్తువు: నల్లగా, జావలా కుళ్ళిన అరటిపళ్ళు. గుడ్డ లోపల కదలిక. చీటీలో ఇలా ఉంది:

"వదినగారికి నమస్కారం. వసంత ఫోనులో చెప్పింది. ఇవి రాజోలు మా అక్కగారి పెరట్లోవి, అక్కడే కుళ్ళిపడి ఉన్నవి ఏరించాను. మా వైపు నుంచి ఇలాంటివి పంపుతున్నందుకు సిగ్గుగా ఉంది. పైవి మీకు. కిందవి మీ ఈగలకు. పాకం పోయలేదు."

ఎవరికీ ఏమీ చెప్పకుండా ముందు మగ ఈగను పట్టి తోక చూశాను. నలుపు. రెండోదీ నలుపు. మరి పదకొండు చూశాక వసంతను పిలిచాను.

పది రోజులకు మూడు ఊళ్ళ లెక్కా పూర్తయింది. అంకెల వెనుక ఏముందో వసంత తెరిచి చూపించింది. కండరం చిన్నదైనచోట పూసలు తగ్గాయి, పెద్దదైనచోట పెరిగాయి, మూడు ఊళ్ళలోనూ. సీసా బయటి వంశం కూడా కొస చెప్పిన కబురే వింటోంది. ఈ మూడు పెరళ్ళకు సంబంధించినంతవరకు. ఆ చివరి మాటలు వాక్యంలో చేర్చమన్నాను. చేర్చింది. మలికిపురం ఈగల సంగతి, వాటిని తెచ్చింది ఎవరో సహా, అనుబంధంలో రాసింది. నేను సంతకం పెట్టాను.

ఆ సాయంత్రం సత్యవతిగారు ఫోను చేశారు. మేనకోడలి కబురు మూడుసార్లు చెప్పించుకుని విన్నారు. తరువాత అడిగారు:

"పళ్ళెలా ఉన్నాయండీ వదినగారూ? పైవి?"

బల్ల పక్కన బుట్ట అలాగే ఉంది. తోకలు చూడటంలోనూ పూసలు లెక్కపెట్టడంలోనూ పడి నేను దాన్ని ముట్టుకోనేలేదు. చక్కెరకేళి మొత్తం నల్లబడిపోయింది. చుట్టూ ఈగలు.

"చాలా బాగున్నాయండి" అన్నాను.

ఈ యాత్ర మొత్తంలో తెలిసి తెలిసీ ఆధారం లేకుండా నేను చెప్పిన మాట అదొక్కటే.